రెండు ఫోన్లూ పెట్టేస్తేనే

మా ఆయన లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద మేడల్లో జనాన్ని పైకీ కిందికీ మోసే పెట్టెలన్నీ ఆయన చేతి చలవతో నడుస్తాయి గానీ, మా ఇంట్లో మాత్రం ఉన్నవి చెక్క మెట్లే, అవీ నిటారుగా. ఆ మెట్ల మీద నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనా పక్కింటి దర్జీ చెరోవైపూ పట్టుకుని మేడ మీది గదికి చేర్చారు. అప్పటికి నాకు ఆరో నెల. బిడ్డ మాయ బాగా కిందికి ఉందని డాక్టరమ్మ చెప్పింది. "మంచం దిగకు. గదిలో ఉన్న బాత్‌రూమ్‌కి తప్ప ఎక్కడికీ నడవకు. మెట్ల మాటే ఎత్తకు. రక్తం ఒక్క చుక్క కనబడినా ఆలోచించకుండా ఫోన్ చెయ్యి. అంబులెన్సులో పడుకునే రావాలి," అంది. "ఎలాగోలా నడిచొస్తే?" అన్నాను, నా నోరు ఊరుకోదు కదా. ఆవిడ కాగితాల్లోంచి తలెత్తి, "నడిచొస్తే ఒక్కదానివే వస్తావు," అంది. అంతకు ముందు ఏడాది అలాగే ఒక్కదాన్నే ఇంటికి తిరిగొచ్చినదాన్ని.

కింద పడుకుందామంటే బాత్‌రూమ్ పెరట్లో ఉంది. అందుకని మేడ మీద నేనూ, కింద మా అత్తయ్యా. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్టెక్కడమంటే ఆవిడకి కొండెక్కినట్టే. అన్నం, మందులు, ఉతికిన బట్టలు అన్నీ వెనక వరండాలోంచి తాడు కట్టిన బుట్టలో పైకొచ్చేవి. దర్జీ భార్య పొద్దునా సాయంత్రం వచ్చి ఆ బుట్ట లాగి పెట్టి వెళ్ళేది. నేను మాత్రం పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని.

ఇక మా సందులో సెల్ ఫోన్ అనేది ఆట వస్తువు. చుట్టూ మేడలు లేచి గాలే రాదు, సిగ్నలెక్కడినుంచి వస్తుంది? ఒక్క గీత కనబడాలంటే వీధి మొగలో మందుల షాపు దాకా నడవాలి. ఇంట్లో ఉన్న ఆధారమల్లా హాల్లో కిటికీ పక్కన గోడకి వచ్చిన పాత ఫోన్ లైనూ, దాని మీదే వచ్చే బ్రాడ్‌బ్యాండూ. రెండూ నాకు పైన కావాలి. నేను పుస్తకాలకు అచ్చుతప్పులు దిద్దే పని చేస్తాను, పేజీలు నెట్‌లో వస్తాయి, నెట్‌లో పోతాయి. ఆ పని లేకపోతే ఆ మంచం మీద నాకు పిచ్చెక్కేది. ఫోన్ ఎందుకో డాక్టరమ్మ చెప్పనే చెప్పింది.

కంపెనీ వాళ్ళని అడిగితే వచ్చే వారం చూస్తామన్నారు. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నాలుగు తీగలు లాగడానికి వాళ్ళెందుకు? లిఫ్టులో నలభై తీగలు లాగుతాను," అన్నాడు. సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టాడు. గోడ మీది డబ్బా దగ్గర స్ప్లిటర్ పెట్టాడు. అది లైనులోంచి మాటనీ నెట్‌నీ విడదీసే చిన్న పెట్టె. దాన్నుంచి నాలుగు తీగల కేబుల్ ఒకటి, మెట్ల గోడ పొడవునా మేకులు కొట్టుకుంటూ, గుమ్మం చెక్కకి రంధ్రం చేసి, నా తలగడ దాకా తెచ్చాడు. ఒక జత ఫోన్‌కి, ఒక జత నెట్‌కి. తీగల కొసలు పట్టుకోవడానికి నేనే దొరికాను. పడుకున్నచోటే పట్టుకున్నాను.

అంతా అయ్యాక ఫోన్ ఎత్తితే గుయ్యిమని ఒకటే రొద. ఎత్తిన మరుక్షణం నెట్ పడిపోవడం. "ఫోన్ జత స్ప్లిటర్‌కి ముందే కలిపినట్టున్నారు, ఒకసారి చూడండి," అన్నాను. "నువ్వు కామాలు దిద్దుకో," అన్నాడు. సాయంత్రం దాకా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ తిరిగి, చివరికి స్ప్లిటర్ దగ్గర ఏదో మార్చి వచ్చి, "తీగ కొంచెం వదులయింది," అన్నాడు. వదులయిందట! నేను నవ్వు ఆపుకున్నాను, నవ్వినా పొట్ట కదలకూడదని.

అప్పుడు మంచం మీద కూర్చుని ఆయన నాకూ, మెట్ల మీదనుంచి అరిచి వాళ్ళమ్మకీ, ఒకటే పాఠం చెప్పాడు. "ఇవి రెండు ఫోన్లు కావు. ఒక్క లైనుకి రెండు నోళ్ళు. కింద ఎత్తి ఉంటే పైన టోన్ రాదు, పైన ఎత్తి ఉంటే కింద రాదు. రెండూ పెట్టేస్తేనే బయటికి ఫోన్ పోతుంది. ఇంకోటి. కరెంటు పోతే మోడెమ్ చస్తుంది, నెట్ ఉండదు. ఈ ఫోన్‌కి మాత్రం మన కరెంటుతో పని లేదు, దానికి కావలసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచే వస్తుంది. దీన్ని నమ్ముకోండి." "సరేరా, నాకు తెలీదా ఏంటి," అంది అత్తయ్య కిందినుంచి.

తెలిసే చేశాం మేమిద్దరం ఆ తెలివితక్కువ పని. ఒకరోజు నేను ఫోన్ ఎత్తేసరికి ఆవిడా ఎత్తింది. ఇద్దరం డయల్ చెయ్యకుండా అలాగే పట్టుకుంటే ఎక్స్ఛేంజీ కాసేపు కుయ్యో మొర్రో అని గోల చేసి, విసుగొచ్చి నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ గొంతు నా చెవిలోనే వినబడింది. "అమ్మాయ్, నువ్వేనా?" ఇంక చూడండి. నేను చేతికర్రతో నేలని రెండుసార్లు కొడితే ఆవిడ ఎత్తాలి. ఆవిడ గరిటెతో కిటికీ ఊచని కొడితే నేను ఎత్తాలి. ఎక్స్ఛేంజీ ఏడుపు ఆగేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత మా ఇష్టం. ఉప్పు ఎక్కువైందని నేనూ, మంచం మీది మనిషికి నోరెక్కువైందని ఆవిడా, అరిచి గొంతు చించుకోకుండా హాయిగా పోట్లాడుకునేవాళ్ళం. మధ్యమధ్యలో ఆవిడ గొంతు తగ్గించి, "కదులుతోందా?" అని అడిగేది. "కదులుతోంది," అనేదాన్ని. రోజుకి ఎన్నిసార్లు అడిగేదో! ఆవిడ భయం నాకు అంటుకునేది, నా భయం ఆవిడకి.

మా ఆయనకి తెలిసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అది ఆపద కోసం పెట్టిన లైను, మీ ముచ్చట్లకి కాదు! మాట్లాడాక అమ్మ సరిగ్గా పెట్టకపోతే? నువ్వెలా చేస్తావు?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "పెడతాను లేరా," అంది ఆవిడ. పెట్టేది కూడా. పెట్టి, చేత్తో నొక్కి, "పెట్టేశాను!" అని మెట్ల దగ్గరికొచ్చి అరిచేది.

ఏడో నెల సగంలో, ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. మామూలు వాన కాదు. కిటికీ అద్దాలు గడగడలాడాయి, ఎదురు మేడ కనబడలేదు. కరెంటు పోయింది. మోడెమ్ మీద ఆకుపచ్చ దీపాలు ఒక్కసారే ఆరిపోయాయి. కరెంటు పోయిందంటే మా ఆయన ఏదో ఒక లిఫ్టు గుంతలో ఉంటాడు, మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని పైకి లాగుతూ. నేను పక్కకి ఒత్తిగిల్లాను. తొడల మధ్య వెచ్చగా అనిపించింది.

నొప్పి లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. దుప్పటి తీసి చూశాను. ఎర్రగా, మెరుస్తూ, పరుపు మీద ఇంతమేర పాకుతోంది. తలగడ పక్కన తువ్వాలు లాగి కింద పెట్టుకున్నాను. పొట్ట మీద చెయ్యేసి, "కదులమ్మా, కదులు," అన్నాను. కదల్లేదు. ఫోన్ ఎత్తి ఆసుపత్రికి చెయ్యాల్సింది. ఆ నంబరు నాకు నోటికొచ్చు. కానీ చేతికి ముందు కర్ర దొరికింది. అలవాటు పాడుగాను, నేలని రెండుసార్లు కొట్టాను.

నేను రిసీవర్ ఎత్తేసరికి ఆవిడ అప్పటికే ఎత్తేసింది. ఎక్స్ఛేంజీ గోల చెవులు తూట్లు పొడుస్తుంటే దాని మీదుగా అరిచాను. "అత్తయ్యా, రక్తం! రక్తం పోతోంది! ఫోన్ పెట్టెయ్యండి, నేను ఆసుపత్రికి..." మొదటి మాటే ఆవిడ విన్నది. "అయ్యో నా తల్లీ! వస్తున్నా, ఎవరినైనా తీసుకొస్తున్నా, కదలకు!" అంది. ఏదో ఠపీమని కొట్టుకుంది. గోల ఆగిపోయాక నాకు వినబడింది. టక్, టక్, టక్. రిసీవర్ తాడుకి వేలాడుతూ బల్ల కాలుకి కొట్టుకుంటోంది. ఆ తర్వాత వీధి తలుపు తెరిచిన చప్పుడు, ఒక్కసారిగా వాన హోరు. ఆవిడ మోకాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

"అత్తయ్యా! అత్తయ్యా, ఫోన్ పెట్టండి!" అని ఫోన్లోనూ అరిచాను, మెట్లవైపూ అరిచాను. నా గొంతు కింద హాల్లో ఎవరూ లేని చోట సన్నగా మోగి ఉంటుంది. ఫోన్ పెట్టి, మళ్ళీ ఎత్తాను. టోన్ లేదు. వాన శబ్దం. పెట్టాను, ఎత్తాను. వాన శబ్దమే. సెల్ తీసి చూశాను, అదేదో కరుణిస్తుందని. గీతలు లేవు. మా దర్జీ ఇంట్లో వాళ్ళు పెళ్ళికని ఊరెళ్ళారు. కిటికీ దాకా వెళ్ళి అరిచినా ఆ వానలో ఎవరికి వినబడుతుంది?

మెట్లు దిగనా? ఎన్ని మెట్లు లే, కూర్చుని జారుకుంటూ దిగితే? కాళ్ళు కిందికి పెట్టాను. పెట్టగానే వెచ్చగా మరింత వచ్చింది, పాదం దాకా కారింది. డాక్టరమ్మ ముఖం కళ్ళముందు మెదిలింది. కాళ్ళు మళ్ళీ మంచం మీదికి లాక్కుని, వాటి కింద తలగడ పెట్టి, రిసీవర్ చెవికి ఆనించుకుని పడుకున్నాను. ఆవిడ తిరిగొచ్చిన అలికిడి వినబడగానే అరవాలి. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. నాకు అంత భయం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వెయ్యలేదు. ఏడుస్తున్నాను కూడా, కానీ చప్పుడు కాకుండా, కింది చప్పుడు వినబడకుండా పోతుందేమోనని.

ఎంతసేపైందో తెలియదు, ఫోన్లో అడుగుల చప్పుడు వినబడింది. ప్రాణం లేచొచ్చింది. "అత్త..." అని సగంలో ఆగిపోయాను. ఆవిడ అడుగులు నాకు తెలుసు, ఒక కాలు వేసి ఇంకో కాలు ఈడుస్తుంది. ఇవి అవి కావు. తడిసిన బూట్లు, నెమ్మదిగా, ఆగి ఆగి. నన్ను కాపాడటానికి వచ్చినవాడైతే పేరు పెట్టి పిలుస్తాడు, మెట్లెక్కుతాడు. ఇతను పిలవలేదు. వీధి తలుపు మెల్లిగా మూసుకుంది, వాన హోరు తగ్గింది. ఆ తర్వాత అత్తయ్య బీరువా తలుపు కిర్రుమంది.

రిసీవర్ నోటిదగ్గర చేత్తో గట్టిగా మూసేశాను, నా ఊపిరి అతనికి వినబడుతుందని. బీరువాలో డబ్బాలు కదులుతున్నాయి. ఒకటి మూత తెరిచాడు. దగ్గాడు, ముసలి దగ్గు కాదు గానీ పాత దగ్గు. మేడ మీద మనిషి ఉందని అతనికి తెలియదు. నా గది తలుపుకి గడియ వేసి లేదు, అత్తయ్య ఎప్పుడు ఎవరిని పంపినా లోపలికి రావాలని మేమే వెయ్యడం మానేశాం. నేను చప్పుడు చెయ్యకుండా ఉంటే అతను కావలసింది తీసుకుని పోతాడు. మంచిదే. కానీ పోయాక? రిసీవర్ అలాగే వేలాడుతూ ఉంటుంది. తువ్వాలు అప్పటికే బరువెక్కింది. ఇంకో తువ్వాలు లాక్కున్నాను.

నేను అతనికంటే ఆ తువ్వాలుకే ఎక్కువ భయపడ్డాను. నోటి దగ్గర చెయ్యి తీశాను.

"ఎవరయ్యా అక్కడ?" అన్నాను.

కింద అన్నీ ఆగిపోయాయి. బీరువా, బూట్లు, దగ్గు.

"ఎవరైనా సరే, పారిపోకు. బల్ల దగ్గర ఫోన్ వేలాడుతోంది చూడు. అది ఎత్తు. నీకు దణ్ణం పెడతాను, ఎత్తు."

పారిపోతున్నాడేమో అనుకున్నాను. ఆ తర్వాత తాడు గీరుకున్న చప్పుడు, ఫోన్లో ఊపిరి. నా చెవి పక్కనే, నా తలగడ మీదే పడుకున్నట్టు. రిసీవర్ విసిరికొట్టాలనిపించింది.

"ఎక్కడున్నావు?" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఇంట్లో మగాళ్ళున్నారని, కుక్క ఉందని. ఏం చెప్పినా ఫోన్ పెట్టించగలిగేది నిజమే. "మేడ మీద. మంచం మీద ఉన్నాను, లేవలేను. కడుపుతో ఉన్నాను. రక్తం పోతోంది. ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి, నువ్వు పట్టుకున్న ఆ ఫోన్ పెడితే తప్ప నాకు లైను రాదు."

"పోలీసులకి చేస్తావు."

"నీ మొహం!" అనేశాను. ఆ పరిస్థితిలో కూడా నా నోరు నా మాట వినలేదు. వెంటనే గొంతు దిగిపోయింది. "అయ్యా, పోలీసులు నాకెందుకు? బీరువాలో ఉన్నదంతా తీసుకుపో. వంటింట్లో ఉన్నది తీసుకుపో. నాకు లైను కావాలి. ఇక్కడ నా పిల్ల చచ్చిపోతోంది."

ఊపిరి. వాన. ఆ వెనక ఎక్కడో గోడ గడియారం.

"ఎన్నో నెల?" అన్నాడు.

"ఏడు."

తాడు మళ్ళీ గీరుకుంది. "సరిగ్గా పెట్టు," అన్నాను, ఏడుస్తూ, "కిందికి నొక్కి పెట్టు. ఊరికే పెడితే ఒక మూల లేచి ఉంటుంది."

క్లిక్ మంది.

అప్పుడు తెలిసింది నాకు అసలు భయమంటే ఏమిటో. అతను పెట్టాడు సరే, నేనూ పెట్టాలి. రెండూ పెడితేనే టోన్. నేను పెట్టానా, కింద ఏం జరుగుతోందో ఇక నాకు వినబడదు. అతను బయటికి పోతున్నాడో, మెట్లెక్కుతున్నాడో తెలియదు. అంతదాకా అతను ఎక్కడున్నాడో నాకు తెలుసు, అదే నాకున్న ఒక్క ధైర్యం. దాన్ని నా చేత్తో నేనే తెంచుకోవాలి. రిసీవర్ పెట్టి, నొక్కి, కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచి ఎత్తాను.

టోన్ వచ్చింది. ఆ మొద్దు శబ్దం విని నేను బావురుమన్నాను.

ఆసుపత్రిలో ఎత్తిన అమ్మాయి నా పేరు, నెల, ఇంటి గుర్తులు అడిగింది. చెబుతూనే ఉన్నాను, మెట్ల మీద చప్పుడైంది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. నీళ్ళోడుతున్న బూటు చెక్క మీద పడే చప్పుడు. "హలో, వింటున్నారా?" అంటోంది అమ్మాయి. నేను గుసగుసగా, "వింటున్నాను," అన్నాను. తలుపు సందువైపే చూస్తున్నాను. కర్ర పట్టుకున్నాను, పట్టుకుని ఏం చేస్తాను? "గట్టిగా చెప్పండి, వినబడటం లేదు, వీధి మొగలో గుర్తేంటి?" అంది. గట్టిగా చెప్పాను. "మందుల షాపు! మందుల షాపు పక్క సందు! త్వరగా రండమ్మా, చాలా పోయింది!" నా అరుపుకి మెట్ల మీది అడుగు ఆగిపోయింది. సగంలో నిలబడ్డాడు. అతని దగ్గు వినబడింది, ఈసారి ఫోన్లోంచి కాదు, గోడ అవతలనుంచే. ఆ తర్వాత అడుగులు కిందికి దిగాయి. ఎందుకెక్కాడో, ఎందుకు దిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉందట. వాళ్ళు నన్ను స్ట్రెచర్‌కి కట్టి, తలకిందులుగా వంచినట్టు మెట్లు దించారు. హాలు దాటుతుంటే బీరువా తలుపులు తెరిచి ఉండటం చూశాను. ఫోన్ బల్ల మీద ఉంది, రిసీవర్ తన చోట తిన్నగా. సందు చివర మోకాలి లోతు నీళ్ళలో అత్తయ్య కనబడింది. మూసేసిన మందుల షాపు షట్టర్‌ని రెండు చేతులా బాదుతోంది. మధ్యలో ఎక్కడో పడిందట, మోచెయ్యి చీరుకుపోయి ఉంది. అంబులెన్సు చూసి, "ఎవరు పిలిచారు? దేవుడా, ఎవరు పిలిచారు?" అంటూ వెంట పరుగెత్తింది. ఆ తర్వాత నాకు తెలివి లేదు.

పాప పుట్టింది. కోసి తీశారు. అరచేతిలో పట్టేంత. అద్దాల పెట్టెలో, ముక్కులో గొట్టంతో. "ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదు. ఫోన్ వెంటనే చేశావు, మంచి పని చేశావు," అంది డాక్టరమ్మ. "బతుకుతుందా?" అన్నాను. "పోరాడుతోంది. ఇప్పుడే ఏమీ చెప్పలేను," అంది. నా భయం నన్ను వదల్లేదు. నర్సు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఏ కబురు తెస్తుందోనని తలుపువైపే చూసేదాన్ని.

మా ఆయనకి అంతా చెప్పాను. వేలాడిన రిసీవర్, ఆ మనిషి, అతను అడిగిన మాట, మెట్ల మీది అడుగులు, అన్నీ. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. బీరువాలో అత్తయ్య గాజులు, ఆయన పనిముట్ల సంచీ పోయాయని చెప్పాడు. "పోనీ," అన్నాను.

అత్తయ్య మాత్రం వార్డు బయట బల్ల మీదనుంచి కదల్లేదు. లోపలికొచ్చి నన్ను దూరంనుంచి చూసి వెళ్ళేది. పాపని చూడమంటే చూడలేదు. నర్సు చెప్పింది, మా ఆయన చెప్పాడు, చెయ్యి పట్టుకుని లాగాడు. "తర్వాత చూస్తాను," అనేది. రోజంతా "కదులుతోందా, కదులుతోందా" అని నా చెవినిల్లు కట్టుకుని పోరిన మనిషి, తీరా పిల్ల వచ్చాక దాని ముఖం చూడనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాకు ఆవిడ మీద చెప్పలేనంత కోపం. మంచం మీద పడుకుని ఆవిడని ఏమేం అనాలో మాటలు పేర్చుకుంటున్నాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాం కదా అని మొదలుపెట్టి, ఎక్కడ ముగించాలో కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆవిడే వచ్చి నా మంచం పక్కన నిలబడింది. మోచేతికి కట్టు, జుట్టు దువ్వుకోలేదు. మా ఆయన కిటికీ దగ్గరున్నాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. కోప్పడకు," అంది. "నేను బయటికి పరుగెత్తేటప్పుడు ఫోన్ పెట్టే వెళ్ళానా? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. నీ మాట విన్నాను, తలుపు తీశాను, అంతే. మధ్యలో ఏం చేశానో తెలీదు. వాడు వెయ్యిసార్లు చెప్పాడు. పెట్టకుండా పోయి ఉంటే, నువ్వు అక్కడ..." ఆవిడ నా పొట్టవైపు చూసింది. "ఆ పిల్లకేమైనా అయితే నా చేతులతో నేనే చేసినట్టు కదా. దాని ముఖం ఎలా చూడను?"

మా ఆయన ఇటు తిరిగి నోరు తెరవబోయాడు. నేను ఆయనవైపు ఒక చూపు చూశాను. ఆయన నోరు మూసుకుని మళ్ళీ కిటికీవైపు తిరిగాడు.

ఆవిడ చేతులు కొంగు చివర నలిపేస్తున్నాయి. నేను పేర్చుకున్న మాటలన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

"పెట్టే వెళ్ళారత్తయ్యా," అన్నాను. "మీరు పెట్టకపోతే నాకు టోన్ ఎలా వస్తుంది?"

"నిజంగానా?"

"మీ మనసు కష్టపెట్టకూడదని నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "లేదు," అంది. "ఎప్పుడూ లేదు."

కొంగుతో ముఖం తుడుచుకుంది. జుట్టు చేత్తో సర్దుకుంది. ఆ తర్వాత, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు, చిన్న గొంతుతో, "అయితే ఒకసారి చూసొస్తాను," అంది. ఒక కాలు వేసి, ఇంకో కాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని అద్దాల గదివైపు నడిచింది.